మంగు మచ్చలకు వైద్యం చేయించుకున్న తీరు: నా అనుభవం

మొదటి కాన్పు తరువాత రెండో బిడ్డకు కొన్నేళ్ళ ఎడం ఉండాలని నేనూ మా ఆయనా అనుకున్నాము. పాప పాలు మానిన తరువాత హన్మకొండలోని ఒక స్త్రీల వైద్యురాలు నాకు గర్భనిరోధక మాత్రలు రాసి ఇచ్చారు. ఒక్కొక్క మాత్రలో ఇథినైల్ ఈస్ట్రడయాల్ 0.03 మిల్లీగ్రాములు, డ్రోస్పిరెనోన్ 3 మిల్లీగ్రాములు ఉండే రకం అది. రాత్రి అన్నం తిన్నాక ఒకటి వేసుకునేదాన్ని. నెలసరి వేళకు వచ్చేది, రక్తస్రావం తగ్గింది, కడుపునొప్పి మాటే లేదు. ఆ మాత్రతో నాకు పేచీ ఏమీ లేకుండానే ఏడాది దాటింది. ఆ తరువాతి ఎండాకాలంలో రెండు చెంప ఎముకల మీద, పై పెదవి మీద, నుదుటి మధ్యలో గోధుమ రంగు మరకలు తేలాయి. దురద లేదు, మంట లేదు, చేత్తో తడిమితే చర్మం నున్నగానే ఉంది. పై పెదవి మీది మచ్చ మాత్రం దూరం నుంచి చూసేవాళ్ళకు మీసకట్టు లాగా కనిపించేది, నన్ను ఎక్కువగా బాధపెట్టినది అదే.

నేను పరకాల వైపు ఒక క్లస్టర్‌లో వ్యవసాయ విస్తరణ అధికారిణిగా పని చేస్తున్నాను. పంట నమోదు కాలంలో ప్రతి సర్వే నంబరు దగ్గరికీ వెళ్ళి, చేనులో నిలబడి, ఫోనులో వివరాలు ఎక్కించాలి. పత్తి చేలలో నీడ ఉండదు, మిర్చి తోటల్లో అంతకన్నా ఉండదు. ఊళ్ళలో మాట దాచుకోరు కనుక రైతు వేదికకు వచ్చిన పెద్దమ్మలు నేరుగానే అడిగేవారు. "మొకం మీద మంగు పడ్డదేంది బిడ్డా, జాజికాయ పాలల్ల అరగదీసి పెట్టు" అని ఒకరు, శనగపిండి, పెరుగు కలిపి రుద్దమని మరొకరు చెప్పేవారు. మా అత్తమ్మ జాతకం చూపించి, శనివారం నవగ్రహాలకు తైలాభిషేకం చేయించమన్నది. అభిషేకం చేయించాము, అందులో పోయేదేమీ లేదు. నిమ్మరసం రాసి ఎండలో కూర్చోమన్న సలహాను మాత్రం వినలేదు, ఎందుకంటే నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే పొక్కులు వచ్చి, అవి మానిన చోట మరింత నల్లబడుతుంది. తోటల్లో నిమ్మకాయలు కోసే కూలీల చేతుల మీద ఆ మచ్చలను నేను చూశాను.

పురుగుమందు డబ్బా మీద ఉన్న చిన్న అక్షరాలన్నీ చదివిన తరువాతే రైతుకు మాట చెప్పడం మా వృత్తిలో అలవాటు. ఆ అలవాటు కొద్దీ ఒక రాత్రి మాత్రల పెట్టెలో మడిచి పెట్టిన కాగితాన్ని తీసి, దీపం కింద పరిచి చదివాను. వికారం, తలనొప్పి, రొమ్ముల్లో నొప్పి, రక్తం గడ్డకట్టే ప్రమాదం వంటివి అందరికీ తెలిసినవే. వాటికి చాలా కింద, ఎవరి కంటా పడని చోట, క్లోయాస్మా అని ఒక్క మాట ఉంది. మెలాస్మాకే అది మరో పేరు, మన మంగు అదే. 1960లో అమెరికాలో గర్భనిరోధక మాత్రకు అనుమతి వచ్చిన కొన్నేళ్ళకే, 1967 నాటికే, ఈ మాత్రల వల్ల మంగు వస్తున్నదని అక్కడి వైద్య పత్రికల్లో నమోదైంది. అర్ధ శతాబ్దం నాటి సంగతిని నాకు మాత్రలు రాసి ఇచ్చినవారు ఒక్క ముక్కలో చెప్పి ఉంటే బాగుండేది. బరువు చూశారు, రక్తపోటు చూశారు, పొగ తాగే అలవాటు ఉన్నదా అని కూడా అడిగారు. ఎండలో పని చేస్తారా అని ఎవరూ అడగలేదు.

చర్మ వైద్యుని దగ్గరికి వెళ్ళేలోపే మందుల షాపులో ఒక అనుభవం ఎదురైంది. పాపకు జ్వరం మందు కొనడానికి వెళ్తే, కౌంటర్ వెనక ఉన్న అబ్బాయి నా ముఖం చూసి, అడగకుండానే ఒక ట్యూబు తీసి పెట్టాడు. "ఇది రాయుండ్రి మేడం, పదిహేను రోజులల్ల మొత్తం పోతది" అన్నాడు. ట్యూబు వెనక్కి తిప్పి చదివాను. హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ 0.1 శాతం. మూడోది స్టెరాయిడ్. పక్కన ఎర్ర గీత, డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదన్న హెచ్చరిక. పలు స్టెరాయిడ్ పూత మందులను కేంద్ర ప్రభుత్వం 2018లో చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అయినా చాలా చోట్ల పౌడరు డబ్బా అమ్మినంత తేలికగా అమ్ముతూనే ఉన్నారు. ఇలాంటి ట్యూబునే మా ఆడబిడ్డ తెల్లబడే క్రీము అనుకొని ఏడాదికి పైగా రోజూ రాసుకున్నది. ఆమె చెంపలు ఎర్రబడ్డాయి, చర్మం పలచబడి సన్నని రక్తనాళాలు బయటికి కనిపించసాగాయి, మొటిమలు లేచాయి, చెంపల మీద నూగు పెరిగింది. మానేద్దామంటే మంట, రాస్తే ఆ పూటకు చల్లబడుతుంది, మరుసటి రోజు మళ్ళీ మొదలు. అందుకని ట్యూబును కౌంటర్ మీదే పెట్టి వచ్చాను.

పేరూ ఊరూ లేని డబ్బాల్లో అమ్మే క్రీముల సంగతి ఇంతకన్నా ఘోరం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కొందరికి మూత్రపిండాల జబ్బు రావడానికి పాదరసం కలిసిన ఫెయిర్‌నెస్ క్రీములే కారణమని అక్కడి వైద్యులు తేల్చారు. ఆ వార్త చదివిన నాటి నుంచి మా ఇంట్లో ఆడవాళ్ళు కొనే ప్రతి డబ్బా మీద తయారీదారు పేరు ఉన్నదో లేదో నేను చూస్తున్నాను.

చర్మ వైద్యురాలి దగ్గరికి అత్తమ్మ కూడా వచ్చింది. వైద్యురాలు ముందు ఆమెను బయట కూర్చోమని మర్యాదగా చెప్పి, తలుపు వేసిన తరువాత, "ఇప్పుడు చెప్పమ్మా, నెలసరి కోసం గానీ పిల్లలు కాకుండా ఉండడానికి గానీ ఏమైనా మాత్రలు వాడుతున్నావా?" అని అడిగారు. నేను పెట్టె తీసి బల్ల మీద పెట్టాను. అలా పెట్టెతో సహా వచ్చేవాళ్ళు అరుదనీ, అత్తగారో భర్తో పక్కన ఉంటే చాలామంది ఏ మందూ వాడడం లేదని చెబుతారనీ ఆమె అన్నారు. మా అత్తమ్మకు ఆ మాత్రల సంగతి తెలుసు కనుక నాకు ఆ ఇబ్బంది లేదు. అయినా తలుపు వేసి అడగడం మంచి పద్ధతి అనిపించింది.

ఆ తరువాత ఆమె నన్ను చాలా సేపు పరీక్షించారు. జుట్టుకు రంగు వేస్తానా అని అడిగారు, ఎందుకంటే రంగులోని రసాయనాలు పడనివారికి నుదుటి అంచున, చెవుల ముందు నల్లబడుతుంది. బొట్టు పెట్టుకునే చోట ప్రత్యేకంగా నల్లగా ఉన్నదేమో చూశారు. మెడ మీది చర్మం మందంగా, నల్లగా మారిందేమో చూశారు. అలా ఉంటే ఇన్సులిన్ సరిగా పని చేయకపోవడం వల్ల వచ్చే వేరే సమస్య అట. మా అమ్మకు మంగు ఉన్నదా అని అడిగారు. ఉన్నది, నేను పుట్టినప్పుడు వచ్చి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. థైరాయిడ్ పరీక్ష రాశారు, ఫలితం బాగానే వచ్చింది. చివరికి గదిలో దీపం ఆర్పి వుడ్స్ ల్యాంప్ అనే ఊదా రంగు కాంతిని ముఖం మీద వేసి, చేతి అద్దంలో నన్నూ చూడమన్నారు. పై పెదవి మీది మచ్చ ఆ వెలుగులో ఇంకా స్పష్టంగా, అంచులు గీసినట్టుగా కనిపించింది. చెంపల మీద మాత్రం కొంత భాగం తేలింది, కొంత భాగంలో ఏ తేడా లేదు. పైపొరలో ఉన్న మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం, ఈ కాంతిలో బాగా కనిపిస్తుందనీ, లోపలి పొరకు దిగినది కనిపించదనీ, కనిపించినదే మందులకు త్వరగా లొంగుతుందనీ, నాది రెండూ కలిసిన రకమనీ ఆమె వివరించారు.

మాత్రకూ మచ్చకూ ఉన్న సంబంధాన్ని కూడా అప్పుడే విన్నాను. చర్మంలో రంగును తయారు చేసే కణాలకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ హార్మోన్లు అందినప్పుడు అవి చురుకవుతాయి. అయితే హార్మోన్ ఒంట్లో అంతటా తిరుగుతున్నా మచ్చ మాత్రం ముఖం మీదే వస్తున్నది, ఎందుకంటే అక్కడ ఎండ తోడవుతున్నది. వంశంలో ఆ గుణం ఉంటే ఇంకా తేలికగా వస్తుంది. అందువల్ల ఇదే మాత్ర వేసుకునే మా అక్క ముఖం మీద ఏ మరకా లేదు, ఆమె రోజంతా బ్యాంకులో కూర్చొని పని చేస్తుంది.

మాత్ర మానాలా వద్దా అన్నది చర్మ వైద్యురాలు ఒక్కరే తేల్చే విషయం కాదు. ఆమె ఒక చీటీ రాసి నన్ను తిరిగి స్త్రీల వైద్యురాలి దగ్గరికి పంపారు. మాత్ర మానిన మాత్రాన మచ్చ పోతుందని హామీ లేదనీ, కాన్పు తరువాత కొందరికి మంగు దానంతట అదే తగ్గినట్టు మాత్రల మంగు తగ్గకపోవచ్చుననీ, అయితే మాత్ర వేసుకుంటూ పూత మందులు రాయడం మాత్రం ఒక వైపు నీళ్ళు తోడుతూ మరో వైపు తూము తెరిచి ఉంచినట్టే అవుతుందనీ ముందే చెప్పారు.

ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే మాల-ఎన్‌కు మారితే ఎలా ఉంటుందని స్త్రీల వైద్యురాలిని అడిగాను. అందులోనూ ఇథినైల్ ఈస్ట్రడయాలే ఉంటుంది, తోడుగా ఉండే హార్మోనే వేరు, కనుక మార్చినా ప్రయోజనం లేదు. మూడు నెలలకు ఒకసారి వేసే అంతర సూదిలో ఈస్ట్రోజెన్ లేకపోయినా ప్రొజెస్టిరోన్ లాగా పని చేసే ప్రొజెస్టిన్ ఉంటుంది, దానితోనూ మంగు వచ్చిన వారున్నారు. ఛాయ మాత్ర వేరే జాతిది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ తయారు చేసిన మందు అది, అందులో ఈస్ట్రోజెన్ గానీ ప్రొజెస్టిన్ గానీ లేవు, మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తరువాత వారానికి ఒకసారి వేసుకోవాలి. కొందరికి నెలసరి ఆలస్యం అవుతుందని విని, ప్రతి నెలా కంగారు పడడం నా వల్ల కాదనుకున్నాను. మిగిలినది కాపర్-టి. హార్మోన్ ఏమీ లేనిది, 380 ఏ రకమైతే పదేళ్ళ వరకు పని చేస్తుంది, బిడ్డ కావాలనుకున్నప్పుడు తీయించుకోవచ్చు.

ఇంట్లో మా ఆయన తాను నిరోధ్ వాడతానన్నాడు, మాట బాగానే ఉన్నది గానీ దాని మీదే పూర్తిగా ఆధారపడడానికి నాకు ధైర్యం చాలలేదు. "ముఖం మీద మచ్చ కోసం లోపల రాగి పెట్టించుకుంటవా?" అని అత్తమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. కాపర్-టి మీద మా ఊళ్ళలో ఉన్న భయాలన్నీ ఆ రాత్రి మా వంటింట్లో చర్చకు వచ్చాయి, పైకి పాకి గుండెకు చేరుతుందన్న మాటతో సహా. చేతిలో ఉన్న మాత్రల వరుసను పూర్తి చేసి, నెలసరి వచ్చిన రోజుల్లో కాపర్-టి వేయించుకున్నాను. వేసేటప్పుడు కడుపులో పట్టేసినట్టు నొప్పి, ఆ పూట తరువాత తగ్గింది. మొదటి కొన్ని నెలలు రక్తస్రావం మాత్రం బాగా పెరిగింది. మాత్ర మీద ఉన్న సుఖం పోయింది, దాన్ని దాచి చెప్పడం సరికాదు. హిమోగ్లోబిన్ చూపించుకొని ఐరన్ మాత్రలు వాడవలసి వచ్చింది.

ఇక ముఖానికి చేసిన వైద్యం. మొదట రాసి ఇచ్చినది సన్‌స్క్రీన్ ఒక్కటే. పూత మందు కావాలని నేను అడిగితే, ఎండను ఆపడం అలవాటైన తరువాతే అని ఖచ్చితంగా చెప్పారు. నేను అప్పటిదాకా సన్‌స్క్రీన్ అంటే ఎస్‌పీఎఫ్ అంకె ఒక్కటే చూసుకునేదాన్ని. ఆ అంకె ప్రధానంగా చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాల నుంచి ఎంత రక్షణ ఉందో చెబుతుంది. మంగుకు ఆ కిరణాలే కాకుండా కంటికి కనిపించే వెలుగు, ముఖ్యంగా అందులోని నీలి భాగం కూడా కారణం, మన వంటి చామనఛాయ చర్మం దానికి ఇంకా ఎక్కువగా స్పందిస్తుంది. మామూలు తెల్ల సన్‌స్క్రీన్ ఆ వెలుగును ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మపు రంగులో ఉండే రకం కావాలి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోయే మోతాదు అవుతుంది. అంతకుముందు నేను వాడినది అందులో నాలుగో వంతు కూడా ఉండదు. బయట ఉన్నంత సేపు రెండు మూడు గంటలకు ఒకసారి మళ్ళీ రాయాలి.

ఇది ఏసీ గదిలో కూర్చొని చెప్పినంత తేలిక కాదు. రోహిణి కార్తెలో మా వైపు ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. స్కూటీ దిగి చేను గట్టు మీద పది అడుగులు వేసేసరికి ముఖం మీద రాసినది చెమటతో కలిసి గోధుమ రంగు చారలుగా మెడ మీదికి దిగేది, చున్నీ అంచుకు అంటేది, దాని మీద దుమ్ము పట్టేది. తడి గుడ్డతో అద్దుకొని, చెమట ఆరనిచ్చి, మళ్ళీ రాసుకోవడానికి నీడ కావాలి. అందువల్ల రోజును మార్చుకున్నాను. పొలాల పని వీలైనంత వరకు ఉదయం తొమ్మిది లోపల, మిగిలినది సాయంత్రం. మధ్యాహ్నం రైతు వేదికలో కాగితాల పని. రైతులకు కూడా అదే అనుకూలమని తేలింది. పలచని జార్జెట్ చున్నీ ముఖానికి చుట్టుకుంటే వెలుగు లోపలికి వస్తూనే ఉంటుందని తెలిసి, దగ్గరి నేత ముదురు రంగు నూలు బట్ట కొన్నాను, వెడల్పు అంచు టోపీ కూడా. టోపీ పెట్టుకున్న మొదటి రోజు ఒక రైతు "క్రికెట్ అంపైర్ వచ్చిండు" అన్నాడు. ఆ తరువాత ఎవరూ పట్టించుకోలేదు.

ఎండను ఆపడం కుదిరిన తరువాత వైద్యురాలు పూత మందు రాశారు. చీటీ తీసుకొని మందుల షాపుకు వెళ్తే చేతికి వచ్చినది ఆ అబ్బాయి చూపిన రకం ట్యూబే! హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్, ఈ మూడింటి కలయికను 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు ప్రకటించారు, అప్పటి నుంచి మోతాదులు మారుతూ మంగుకు ముఖ్యమైన మందుగా అదే నిలిచింది. తేడా అంతా వాడే పద్ధతిలో ఉన్నది. రాత్రి పూట మాత్రమే, శనగగింజంత, మచ్చ ఉన్న చోట మాత్రమే, మొదట రోజు విడిచి రోజు, ఎనిమిది వారాలు మించకుండా. హైడ్రోక్వినోన్ రంగు తయారీని అడ్డుకుంటుంది, ట్రెటినాయిన్ పైపొర త్వరగా రాలేలా చేస్తుంది, స్టెరాయిడ్ ఆ రెండింటి మంటను అణచుతుంది. గడువు దాటి రాస్తే స్టెరాయిడ్ వల్ల మా ఆడబిడ్డకు జరిగినదే జరుగుతుంది, హైడ్రోక్వినోన్ వల్ల చర్మం నీలి నలుపుగా మారి ఇక మామూలు రంగుకు రావడం కష్టమయ్యే ప్రమాదమూ ఉన్నది. మొదటి వారం పెదవి చుట్టూ పొట్టు లేచి, సబ్బు తగిలితే చురుక్కుమనేది. తరువాత సర్దుకున్నది. బతుకమ్మ నాటికి పై పెదవి మీది మచ్చ దాదాపు పోయింది. చెంపల మీద సగం తగ్గింది.

మిగిలిన సగం కోసం 20 శాతం అజెలాయిక్ యాసిడ్ క్రీముకు మార్చారు, దాన్ని నెలల తరబడి వాడవచ్చు. రాసిన కొన్ని నిమిషాలు చీమలు పాకినట్టు ఉంటుంది. దానితో పాటు ట్రనెక్సామిక్ యాసిడ్ 250 మిల్లీగ్రాముల మాత్ర, పూటకొకటి చొప్పున రెండు పూటలా, మూడు నెలల పాటు వాడాలన్నారు. ఇది రక్తస్రావాన్ని ఆపడానికి వాడే మందు, మంగు మీద పని చేస్తుందని 1979లో జపానులో గమనించారు. రాసే ముందు ఆమె అడిగిన ప్రశ్నలు నాకు బాగా గుర్తున్నాయి. కాలి పిక్కలో వాపు, నొప్పి ఎప్పుడైనా వచ్చాయా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా, చిన్న వయసులో పక్షవాతం వచ్చిందా, గర్భస్రావాలు అయ్యాయా అని అడిగి, గర్భనిరోధక మాత్ర నిజంగా మానేశానా అని మరోసారి రూఢి చేసుకున్నారు. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర రక్తం గడ్డకట్టే అవకాశాన్ని కొంత పెంచుతుంది, ట్రనెక్సామిక్ యాసిడ్ ఏర్పడిన గడ్డను కరగనివ్వదు. రెండూ కలిపి వేసుకోకూడదు. మందుల షాపులో నోటి మాట మీద ఈ మాత్ర కొనే ఆడవాళ్ళను ఆ ప్రశ్న అడిగే దిక్కు లేదు, నా మనసుకు కష్టం కలిగించే విషయం ఇదే. నా వరకైతే ఆ మూడు నెలలు కాపర్-టి వల్ల పెరిగిన రక్తస్రావం కూడా కొంత నెమ్మదించింది.

రసాయనం పూసి చర్మం పైపొరను ఊడదీసే కెమికల్ పీల్ గురించి అడిగితే, తరువాత చూద్దామన్నారు. లేజర్ గురించి అడిగితే, మన రంగు చర్మానికి ఆ వేడి వల్లే కొత్త మచ్చలు వచ్చి ఉన్నది పెరిగిన సందర్భాలు ఉన్నాయనీ, పూత మందులతో తగ్గుతున్నప్పుడు అటు వెళ్ళవద్దనీ సలహా ఇచ్చారు. ఒక బ్యూటీ పార్లర్‌లో లేజర్‌కు ప్యాకేజీ ధర చెప్పి, పోతుందని కాగితం మీద రాసిస్తామన్నారు. వైద్యురాలు ఒక్కసారి కూడా పోతుందని అనలేదు, తగ్గుతుంది, అదుపులో ఉంటుంది అనే మాటలే వాడారు.

ఆ మాటే నిజమైంది. సంక్రాంతి నాటికి నా ముఖం చూసి ఎవరూ మంగు అనేవారు కాదు. ఆ తరువాతి ఎండాకాలం సన్‌స్క్రీన్ రాస్తూనే ఉన్నా, ధాన్యం కొనుగోళ్ళ రోజుల్లో కల్లాల దగ్గర గడపక తప్పలేదు, ఎడమ చెంప మీద మరక లేతగా మళ్ళీ కనిపించింది. అజెలాయిక్ యాసిడ్ మళ్ళీ మొదలుపెట్టాను, వానలు పడేసరికి వెనక్కి తగ్గింది. ఖర్చులో పెద్ద భాగం సన్‌స్క్రీన్‌కే అవుతున్నది, ఈ మోతాదులో రాస్తే ట్యూబు నెల కూడా రాదు. ఖర్చు భరించలేనివారికి వరంగల్‌లోని ప్రభుత్వ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మ విభాగం ఉన్నది, మా క్లస్టర్‌లో ఇద్దరు ఆడవాళ్ళను నేనే అక్కడికి పంపాను, వాడుతున్న మాత్రల అట్టను కూడా తీసుకుపొమ్మని చెప్పి.

ఇప్పుడు పాప బడికి వెళ్తున్నది, కాపర్-టి తీయించాలన్న ఆలోచనలో ఉన్నాము. గర్భంతో ఇవే హార్మోన్లు ఇంకా ఎక్కువగా ఒంట్లో చేరతాయి కనుక మంగు తిరిగి రావచ్చునని చర్మ వైద్యురాలు ముందే చెప్పి ఉంచారు. ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్, ట్రనెక్సామిక్ మాత్ర అప్పుడు వాడరు. ఐరన్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, అవసరమైతే అజెలాయిక్ యాసిడ్, ఈ రెండూ కొనసాగించవచ్చుననీ, మిగతాది కాన్పు అయి బిడ్డ పాలు మానిన తరువాత చూద్దామనీ అన్నారు. ఆ కాన్పు తరువాత మళ్ళీ మాత్రల జోలికి పోకుండా కాపర్-టినే వేయించుకుంటానని స్త్రీల వైద్యురాలికి చెప్పి, నా ఫైలు మీద ఆ సంగతి రాయించాను.